మన ప్రభుత్వ పాత కాగితాలు మనకెప్పుడు చూపిస్తారు?

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఆగస్టులో క్విట్ ఇండియా మీద వచ్చే వ్యాసాలు, యుద్ధం ముగిశాక స్వపరిపాలన ఇస్తామంటూ 1942లో బ్రిటన్ మంత్రి క్రిప్స్ మన నాయకులతో జరిపిన రాయబారాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. ముప్ఫై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన నేనూ అంతే చేశాను. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వారెన్ కింబాల్ సంకలనం చేసి 1984లో మూడు సంపుటాలుగా తెచ్చిన బ్రిటన్ ప్రధాని చర్చిల్, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ల ఉత్తరప్రత్యుత్తరాలు చదివాకే అసలు గొడవ బోధపడింది. 1783 నుంచి 1789 దాకా తమ పదమూడు రాష్ట్రాలు నడుపుకొన్న తాత్కాలిక ఏర్పాటు లాంటిది ఇండియాలోనూ పెట్టి చూడమని 1942 మార్చిలో చర్చిల్‌కు రూజ్‌వెల్ట్ రాశాడు. ఏప్రిల్‌లో చర్చలు చెడుతుంటే, క్రిప్స్‌ను ఇంకొన్నాళ్లు అక్కడే ఉంచమన్నాడు. ఆ సందేశం అర్ధరాత్రి వేళ చేరింది. చర్చిల్ తిట్లన్నీ ఎదురుగా ఉన్న రూజ్‌వెల్ట్ దూత హాప్కిన్స్ వినాల్సి వచ్చింది.

ఉత్తరాలు కూర్చడంతో కింబాల్ పని అయిపోలేదు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఆ తర్వాతి సంగతి వల్లే. అమెరికా విదేశాంగ శాఖ 1861 నుంచి తన దౌత్య పత్రాలను సంపుటాలుగా అచ్చు వేస్తోంది. 1989లో వచ్చిన ఇరాన్ సంపుటంలో ఆ దేశ ప్రధాని మొసాద్దిక్‌ను గద్దె దించిన 1953 నాటి కుట్రలో తమ గూఢచారుల పాత్ర ఊసే లేదు. చరిత్రకారులు ఊరుకోలేదు. ఆ సంపుటాలపై సలహా ఇచ్చే చరిత్రకారుల సంఘం అధ్యక్షుడే రాజీనామా చేశాడు. 1991లో చట్టం వచ్చింది: ముప్ఫై ఏళ్లలోగా పత్రాలు బయట పెట్టాలి, ఆ పని మీద బయటి చరిత్రకారుల సంఘం కన్ను వేసి ఉంచాలి. ఆ సంఘానికి అధ్యక్షుడిగా ఉండి అధికారులతో తగవులాడినవారిలో కింబాల్ ఒకరు.

మన నిబంధనల ప్రకారం ఇరవై అయిదేళ్లు దాటిన శాశ్వత దస్త్రాలు జాతీయ అభిలేఖాగారానికి చేరాలి. రాతలో మన గడువు వాళ్లకన్నా అయిదేళ్లు తక్కువే! కానీ 1962, 1965, 1971 యుద్ధాల దస్త్రాలు తమ దగ్గర లేవని ఆ సంస్థ అధిపతే 2022లో చెప్పారు. 1962 చైనా యుద్ధంలో మన ఓటమిపై సైన్యం 1963లో తయారు చేసిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం నేటికీ బయట పెట్టలేదు. నేను ఒకసారి ఒక ప్రభుత్వ దస్త్రాల కార్యాలయంలో అయిదు చీటీలు రాసిచ్చి రెండు రోజులు బెంచీ మీద కూర్చున్నాను. నాలుగు చీటీలు ఎర్ర సిరాతో ‘బదిలీ కాలేదు’ అన్న మాట మోసుకుని తిరిగొచ్చాయి. అయిదోది తిరిగి రాలేదు, దస్త్రమూ రాలేదు.

దస్త్రం అప్పగించని శాఖను నిలదీసే హక్కు చట్టంలోనే ఉన్న చరిత్రకారుల సంఘం మనకూ కావాలి. ఏ దస్త్రం ఎందుకు ఆపారో ఏటా పార్లమెంటు ముందు జాబితా పెట్టాలి. మన రెండు రాష్ట్రాల ఎంపీలలో ఒక్కరైనా వచ్చే సమావేశాల్లో ఈ ప్రశ్న వేస్తారా?

– ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, గుంటూరు