సింగ్ నగర్ కొట్టు సంగతి

చి. రవికి,

ఇక్కడ అందరం బాగున్నాం. శేషు బాబాయి మోకాల్లో మళ్లీ నీరు తీశారు, అయినా పొలం గట్ల మీద తిరుగుడు మానడు. ఉసిరికాయ పచ్చడి పెట్టాను, పద్మకి కారం తగ్గించి వేరే సీసాలో తీశాను. ఇవన్నీ ఫోన్లోనే చెప్పేదాన్ని, నువ్వు ఎత్తితే. సంక్రాంతికి రాలేదు, సరే, కొట్టు సర్దుకుంటున్నావనుకున్నా. తర్వాత కూడా "గిరాకీ ఉందమ్మా, మళ్లీ చేస్తా" అని పెట్టేస్తున్నావు. వరదకి సరుకంతా పోయిన కొట్లో అంత గిరాకీ ఏమిటో.

మొన్న పెళ్లిలో కృష్ణవేణి పిన్ని ఒక మాట చెవిలో వేసింది. ఇన్సూరెన్స్ వాళ్లు రాదన్నారని, నువ్వు ఆ అధిక వడ్డీల కాల్ మనీ అప్పు తెచ్చావని. పిన్ని మాటల్లో సగం తీసెయ్యాలని తెలుసు. ఏ సగమో తెలియక ఈ ఉత్తరం.

మొదటి సగం నిజమే. కంపెనీ ఇచ్చిన లెటరు పద్మ ఫోటో తీసి పంపింది, తనని ఏమీ అనకు, నేనే అడిగాను. పాలసీలో రాసిన డోర్ నంబరు వేరు, సరుకు తడిసిన కొట్టు వేరు, కాబట్టి కుదరదట. ఒళ్లు మండిపోయింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మీ పేట మీద పడ్డప్పుడు డోర్ నంబర్లు చూసుకుని పడిందా? పాత కొట్టూ కొత్త కొట్టూ ఒకే వీధి, రెండూ మునిగాయి. ప్రీమియం మాత్రం బ్యాంకు ఏటా నీ ఖాతాలోంచి ఠంచనుగా లాక్కుంది, అప్పుడు ఏ అడ్రసని ఎవడూ అడగలేదు. ప్రభుత్వం ఇంటికిచ్చిన 25 వేలు పరుపులకీ ఫ్రిజ్‌కే అయిపోయి ఉంటాయి, దసరాకని అరువు మీద దింపిన బట్టలకి ఏం చాలతాయి.

కాల్ మనీ సంగతి తర్వాత అడుగుతా.

1990 మే తుఫానుకి మన గేదె పోయింది, నువ్వు చంటివాడివి. బ్యాంకు లోనుతో కొన్నది, ఇన్సూరెన్సు కూడా బ్యాంకు వాళ్లే చేయించి చెవికి బిళ్ళ కొట్టించారు. ఆ రాత్రి పాక కూలి దాని మీద పడింది. పశువుల డాక్టరు వచ్చి కోసి చూసి కాయితం రాశాడు, తీరా చూస్తే చెవి చిరిగి ఉంది, బిళ్ళ లేదు. బిళ్ళ లేనిదే డబ్బు లేదన్నారు. మీ నాన్న పోనీలే అన్నారు, ఆయన సంగతి తెలిసిందేగా. మీ నాయనమ్మ ఊరుకుంటుందా? కూలిన పాకంతా తీయించింది, పెంటపోగు తిరగేయించింది, జల్లెడ పట్టించింది, అదీ మాతోనే. పైన ఎండ, కింద కంపు, చంకలో నీ ఏడుపు. చివరికి కుడితి తొట్టి కింద దొరికింది, విరిగి, సగం నంబరుతో. కడిగి కొంగున ముడేసుకుని తెనాలి వెళ్లింది. నంబరు సగమే ఉందమ్మా అన్నాడట ఆఫీసరు. మిగతా సగం గేదెతో పాటు పూడ్చాం, మనిషిని పంపండి, తవ్వుకుంటాడు అందట ఈవిడ. డబ్బు మంజూరైంది. బ్యాంకు అప్పులోకి జమేసుకోగా మన చేతికొచ్చింది ఒక చీర డబ్బులు, కానీ ఆ చీర కట్టినప్పుడల్లా ఈ కథ విన్నాం.

నీతులు చెప్పడానికి కాదు ఇదంతా. కానీ రవీ, "రాదన్నారు" అని ఊరుకోకు. వీధి చివర ఏజెంటుని అడిగాను. ముందు కంపెనీలోనే ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. నెలలో జవాబు రాకపోయినా, మళ్లీ కాదన్నా హైదరాబాదులో ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు, కాదన్న ఏడాది లోపల వెళ్లాలి. కొట్టు మారినట్టు బ్యాంకుకి కాయితం ఇచ్చానన్నావు, దాని మీద వాళ్ల స్టాంపు ఉందా? అది వెతుకు. కొత్త కొట్టు అద్దె అగ్రిమెంటు, జీఎస్టీ బిల్లులు, నీళ్లలో కొట్టు ఫోటోలు ఒకే ఫైల్లో పెట్టు. నష్టం లెక్కగట్టిన సర్వేయరు రిపోర్టు కాపీ అడుగు. ఫోన్లో "చూస్తాం సార్" అంటే నమ్మకు, ఏది ఇచ్చినా అందినట్టు సంతకం పెట్టించుకో. వేళకి తిను.

దీనికి నెలలు పడతాయి, ఈలోగా హోల్‌సేల్ వాళ్లు ఊరుకోరు, అదీ తెలుసు. అందుకే అడుగుతున్నా, కాల్ మనీ తెచ్చావా? 2015లో ఆ కేసులు బయటపడ్డప్పుడు మీ బెజవాడ సంగతులు పేపర్లో చదివి మీ నాన్న ఎంత బాధపడ్డారో నీకు గుర్తుండాలి. తెస్తే ఎంత, ఎవరి దగ్గర, నూటికి ఎంత వడ్డీ, ఖాళీ చెక్కులు గానీ ప్రామిసరీ నోట్లు గానీ సంతకం చేసి ఇచ్చావా, ఇది చెప్పు చాలు. తిట్టను. కొంచెం తిడతానేమో. నా గాజులు అమ్మమనడం లేదు, బ్యాంకులో పెడదాం, అక్కడ వడ్డీ ఏడాదికి లెక్క, వాళ్లది నెలకి.

ఆదివారం బాబాయి వస్తున్నాడు, పచ్చడి పంపిస్తున్నా. ఫైలు మొత్తం జిరాక్సు తీయించి అతనికివ్వు. కంపెనీ లెటరు మీద తారీఖు ఫోటోలో పడలేదు, అది ముందు చూడు. పద్మది చిన్న సీసా, పెద్దది ఇచ్చేస్తావేమో, కారానికి తట్టుకోలేదు.

అమ్మ