కోయ పిల్లలకు కోయ వచ్చిన టీచర్‌ని ఇవ్వండి

సంపాదకుల వారికి,

ఏజెన్సీ బడుల్లో పిల్లలు తెలుగు వాచకం కూడా చదవలేకపోతున్నారని పోయిన వారం జిల్లా పేజీలో వేశారు. చింతూరు, కూనవరం వైపు ఇంట్లో కోయ తప్ప వేరే మాట వినని పిల్లను తెచ్చి, ఒక్క కోయ ముక్క రాని టీచర్ ముందు కూర్చోబెట్టి, ఏడాది చివర్లో చదవడం రాలేదంటే ఆ పిల్ల ఏం చేస్తుందండీ?

ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో నంబర్ 3 ఊరికే ఇవ్వలేదు. బయటి నుంచి వెళ్ళినవాళ్ళు బడికి సరిగ్గా రావడం లేదనే ఇచ్చారు. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది, అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలు మాత్రం ఉంచింది. సరే, తీర్పు తీర్పే. ఆ తర్వాత కోయ వచ్చినవాళ్ళను బడికి తెచ్చే వేరే దారి వెతకాల్సింది ప్రభుత్వం కాదా? మన కోనసీమ నుంచి అక్కడికి వెళ్ళినవాళ్ళు చేరిన రోజు నుంచే కిందికి బదిలీ కోసం తిరుగుతుంటారు. భాష తెలియని ఊళ్ళో వాళ్ళకీ టెన్షనే, వాళ్ళను తప్పుపట్టను.

ఉమ్మడి రాష్ట్రంలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు వేశారు. అవి చెప్పేవాళ్ళు లేకపోతే అచ్చు వేసి ఏం లాభం? ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. బడి, ఆసుపత్రి లాంటివాటి మీద, అక్కడి సిబ్బంది మీద అజమాయిషీ గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పీసా చట్టంలో ఉంది. ఏ గ్రామసభను అడిగి టీచర్‌ని వేశారు? మంత్రి వస్తే మాత్రం కొమ్ము కోయ నృత్యం కావాలి, పొద్దున్నుంచి ఎండలో నిలబెడతారు. ఆ మనుషుల మాట బడి గడప దాటి లోపలికి రాకూడదా?

ఇంకో సంగతి, మనం డెల్టా వాళ్ళం దీన్ని వాళ్ళ గొడవలే అని వదిలేయడం చాలా తప్పు. పోలవరం పూర్తయితే మన కాలువలకు భరోసా. దానికోసం ఊళ్ళు వదులుకుంటున్నది కోయలు, కొండరెడ్లు. పునరావాస కాలనీలో ఇల్లు ఇచ్చామని లెక్క చెబుతారు, పిల్లల భాష తెలిసిన టీచర్ ఆ కాలనీ బడిలో ఉన్నారా అని అడిగే అధికారి లేడు.

చింతూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో ఎన్ని బడుల్లో కోయ మాట్లాడే టీచర్లున్నారో అధికారులను అడిగి, బడుల పేర్లతో సహా అదే పేజీలో వేయండి.

— ఒక పాఠకుడు, అమలాపురం