తెర నల్లబడితే డిస్కు తుడిచేయకండి

సంపాదకులకు,

లినక్స్ ఉన్న కంప్యూటర్ ఆన్ చేయగానే తెర నల్లగా ఉండిపోతే చాలామంది చెప్పే మందు ఒకటే: ఫార్మాట్ కొట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని. దానివల్ల డేటా పోతుంది, జబ్బు చాలాసార్లు అలాగే ఉంటుంది. మీ సాంకేతిక పేజీ చదివేవాళ్లకు ఆ నష్టం జరగకూడదని ఈ ఉత్తరం.

కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. దాని పాత రకమైన బయోస్‌లో వీజీఏ టెక్స్ట్ మోడ్ (అక్షరాలు మాత్రమే చూపే పద్ధతి) ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. వరుసకు 80 అక్షరాలు, మొత్తం 25 వరుసలు. దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐలో ఆ ఆసరా లేదు. గ్రాఫిక్స్ కార్డులోని చిన్న డ్రైవర్‌ను ఫర్మ్‌వేర్ నడిపి, జీఓపీ అనే యూఈఎఫ్ఐ సదుపాయం ద్వారా ఒక ఫ్రేమ్‌బఫర్ (తెర మీది బొమ్మ ఉండే మెమరీ) ఇస్తుంది. లినక్స్‌ను లోడ్ చేసే బూట్‌లోడర్ గ్రబ్ తన మెనూ గీసేది దాని మీదే. చాలా పాత కార్డుల్లో ఆ డ్రైవర్ ఉండదు. అలాంటి కార్డుతో సీఎస్ఎం (యూఈఎఫ్ఐలో పాత బయోస్ పద్ధతిని నడిపే సెట్టింగ్) ఆపేస్తే, ఆపరేటింగ్ సిస్టమ్ సొంత డ్రైవర్ లోడయ్యేదాకా తెర చీకటిగానే ఉంటుంది.

అందుకే తెర ఏ దశలో నల్లబడిందో ముందు చూడాలి. కంపెనీ లోగో కూడా రాలేదంటే అది బూట్‌లోడర్ తప్పు కాదు. కేబుల్ మదర్‌బోర్డుకు ఉందా, కార్డుకు ఉందా చూసి, ఫర్మ్‌వేర్ సెటప్‌లో ప్రైమరీ డిస్‌ప్లేను దానికి తగ్గట్టు మార్చాలి. డిస్‌ప్లేపోర్ట్ మానిటర్లు కొన్ని ఆలస్యంగా మేల్కొంటాయి. ఈలోగా 5 సెకన్ల మెనూ వచ్చి వెళ్లిపోతుంది. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఒకసారి చూడండి, లేదా కింద చెప్పిన గ్రబ్ ఫైలులో టైమ్‌అవుట్ (మెనూ ఆగే సమయం) 15 సెకన్లకు పెంచండి.

లోగో వచ్చి మెనూ రాకపోతే, అది దాక్కుని ఉండొచ్చు. లోగో పోగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కాలి. రెండుసార్లు పడితే గ్రబ్ కమాండ్ లైన్‌లోకి వెళ్తారు. కంగారు వద్దు, నార్మల్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టి, వెంటనే ఎస్కేప్ ఒక్కసారి నొక్కితే మెనూ వస్తుంది. అప్పటికీ చీకటే అయితే, గ్రబ్ అడుగుతున్న రిజల్యూషన్‌తో పేచీ ఉండొచ్చు. కాసేపు ఆగితే సిస్టమ్ దానంతటదే బూట్ అవుతుంది, కాకపోతే లైవ్ యూఎస్‌బీ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్)తో బూట్ చేసి, సీహెచ్‌రూట్ కమాండ్‌తో డిస్కులోని సిస్టమ్ లోపలికి వెళ్లాలి. ఈటీసీలోని డిఫాల్ట్ ఫోల్డర్‌లో గ్రబ్ అనే ఫైలు ఉంటుంది. అందులో గ్రబ్_టెర్మినల్=కన్సోల్ అన్న వరుస ముందున్న హ్యాష్ గుర్తు తీసేయాలి, వరుస లేకపోతే రాయాలి. ఆ తర్వాత (ఉబుంటు, డెబియన్‌లలో) సుడో అప్‌డేట్-గ్రబ్ నడపాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. గ్రబ్ బూట్ సమయంలో ఆ ఫైలును చదవదు, దాన్నుంచి తయారైన గ్రబ్.సీఎఫ్‌జీనే చదువుతుంది. అప్‌డేట్ నడపకపోతే మార్చింది మార్చనట్టే.

4కే తెరల బాధ వేరు. అక్షరాలు చీమల్లా ఉంటాయి, బాణం కీ నొక్కితే మెనూ ఈడ్చుకుంటూ కదులుతుంది. 3840×2160 తెరకు పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున ఒక్క ఫ్రేమే దాదాపు 33 ఎంబీ. ఈ దశలో గ్రాఫిక్స్ వేగం అందదు, అంతా ప్రాసెసరే మోయాలి. 1024×768 అయితే 3 ఎంబీ చాలు. అదే ఫైలులో గ్రబ్_జీఎఫ్ఎక్స్‌మోడ్ దగ్గర 1024×768 రాసి, కామా పెట్టి ఆటో అని చేర్చండి (గుణకార గుర్తు బదులు చిన్న ఎక్స్ అక్షరం). ఆ మోడ్ ఫర్మ్‌వేర్‌లో లేకపోతే ఆటో ఆదుకుంటుంది. ఏ మోడ్‌లు ఉన్నాయో తెలియాలంటే మెనూలో ఇంగ్లిష్ సీ అక్షరం నొక్కి వీడియోఇన్ఫో కమాండ్ ఇవ్వాలి. మెనూ చుట్టూ గీతల బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తే, ఫాంటు లోడ్ కాలేదని అర్థం. సెక్యూర్ బూట్ (డిజిటల్ సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే బూట్ కానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే, సంతకం ఉన్న గ్రబ్ ఇమేజ్‌లో లేని ఫాంట్లను చాలా డిస్ట్రోలు (లినక్స్ రకాలు) ఒప్పుకోవు.

మెనూ బాగానే వచ్చి, ఎంట్రీ ఎంచుకున్నాక చీకటి పడితే గ్రబ్ పని అప్పటికే అయిపోయింది, అనుమానించాల్సింది కెర్నల్ (లినక్స్ గుండెకాయ) గ్రాఫిక్స్ డ్రైవర్‌ను. మెనూలో ఇంగ్లిష్ 'ఈ' అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ చేర్చి, ఎఫ్10 నొక్కండి. ఇది ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది. లోపలికి వెళ్లి డ్రైవర్ సరిచేసుకోవడానికే తప్ప, శాశ్వతంగా ఉంచేది కాదు. ఉంచితే గ్రాఫిక్స్ వేగం పోతుంది.

ఇక తరచూ వినబడే 'సెక్యూర్ బూట్ ఆపేసి లెగసీ మోడ్ పెట్టండి' అన్న సలహా నిజంగా ప్రమాదం. యూఈఎఫ్ఐలో ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్ బూట్‌లోడర్ ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఉంటుంది. పాత బయోస్ పద్ధతైన లెగసీ మోడ్ అక్కడ వెతకదు. తెర సమస్యకు తోడు బూటే కాని సమస్య వచ్చిపడుతుంది. పక్కనే బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్) వేసిన విండోస్ ఉంటే, సెక్యూర్ బూట్ మార్చాక అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ లేకపోతే డేటా తిరిగి రాకపోవచ్చు. మీ పేజీలో ఎప్పుడైనా ఆ సలహా ఇవ్వాల్సి వస్తే, ముందుగా రికవరీ కీ రాసి పెట్టుకోమన్న మాట కూడా దాని పక్కనే వేయండి.

– ఒక పాఠకుడు