మా ఇంటి నెట్‌వర్క్ వైరింగ్‌లో లోపాలపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: గోడ జాకుల్లో తీగల జతలు చీల్చి బిగించడం, రాగి అని బిల్లు రాసి అల్యూమినియం కేబుల్ వేయడం గురించి.

అయ్యా,

విజయవాడలో మేము కొత్తగా కట్టుకున్న ఇంటికి నెట్‌వర్క్ వైరింగ్ పని మీ సంస్థకు అప్పగించాం. హాల్లో రౌటర్ పెట్టిన చోటి నుంచి గదులన్నింటికీ కలిపి ఎనిమిది గోడ జాకులు, గేటు దగ్గర కెమెరాకు మరో లైను. బిల్లులో 'క్యాట్ 6, పూర్తి రాగి' అని స్పష్టంగా ఉంది. క్యాట్ 6 అంటే ఎనిమిది తీగలను నాలుగు జతలుగా మెలిపెట్టిన ఒక నెట్‌వర్క్ కేబుల్ రకం. పని ముగిసిన రోజే డబ్బు మొత్తం చెల్లించాం. రంగులు వేయించి, ఇంట్లో చేరి, జాకులకు కంప్యూటర్లు తగిలించాకే అసలు సంగతి బయటపడింది.

మా ఇంటర్నెట్ వేగం సెకనుకు 300 మెగాబిట్లు. రౌటర్‌కు చిన్న కేబుల్‌తో నేరుగా కలిపితే అంత వేగమూ వస్తోంది. అదే కంప్యూటర్‌ను మేడ మీది గది జాక్‌కు పెడితే 94 దాటడం లేదు. గిగాబిట్ లింకు, అంటే సెకనుకు 1000 మెగాబిట్ల లింకు, నిలబడక 100కు పడిపోయినప్పుడు కనిపించే అంకె అది. అది కూడా నిలకడగా ఉండదు. మా కోడలు ఆ గదిలో కూర్చునే ఉద్యోగం చేస్తుంది. వీడియో సమావేశంలో మాట మధ్యలో తెగిపోయి, అవతలివాళ్లు మళ్లీ మళ్లీ అడగాల్సి వస్తోంది.

ఫిర్యాదు చేస్తే మీ టెక్నీషియన్ వచ్చాడు. టెస్టర్ తగిలించాడు. ఒకటి నుంచి ఎనిమిది వరకు లైట్లు వరుసగా వెలిగాయి. 'కేబుల్ బాగానే ఉంది, ఇంటర్నెట్ వాళ్లను అడగండి' అని వెళ్లిపోయాడు. సాయంత్రానికి 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మీ దగ్గర నుంచి సందేశం వచ్చింది. నా అసలు అభ్యంతరం ఇక్కడే. లైట్లు వెలగడం వేరు, పని సరిగ్గా ఉండటం వేరు.

నేను టెలిఫోన్ శాఖలో కేబుల్ జాయింట్ల పని చూసి రిటైరైనవాణ్ణి. జత చీలితే ఏమవుతుందో మాకు మొదట నేర్పే పాఠం. ఒక జతలోని తీగను మరో జతలోని తీగతో కలిపేస్తే లైను పలుకుతుంది, కానీ పక్క ఇంటివాళ్ల మాటలు మన ఫోనులో వినబడతాయి. రెండు తీగలను మెలిపెడితే ఈ ఇబ్బంది తగ్గుతుందని గ్రాహం బెల్ 1881లోనే పేటెంట్ పొందారు. నేటి నెట్‌వర్క్ కేబుల్ కూడా ఆ మెలిక మీదే ఆధారపడి నడుస్తోంది.

అందుకే జాక్ ముందుండే మూత (ఫేస్ ప్లేట్) విప్పి చూశాను. మీవాళ్లు బిగించిన జాకుల మీద రంగుల గుర్తులు లేవు, అంకెలు మాత్రమే ఉన్నాయి. ఆ అంకెల వరుసలో నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ పోయారు. చూడటానికి పొందికగానే ఉంటుంది. కానీ జాక్‌లో ఏ రంగు తీగ ఏ స్థానంలో ఉండాలో చెప్పే 568బి పద్ధతిలో ఆకుపచ్చ జత 3, 6 స్థానాల్లోకి, నీలం జత 4, 5 స్థానాల్లోకి వెళ్లాలి. మీ వరుస ప్రకారం 3లో తెలుపు-ఆకుపచ్చ, 6లో నీలం పడ్డాయి. అంటే ఒక సంకేతాన్ని మోసే రెండు తీగలు రెండు వేర్వేరు మెలికల్లో ఉన్నాయి. 4, 5 స్థానాలదీ అదే పరిస్థితి. రెండో కొసలోని ప్లగ్గుల్లో కూడా ఇదే వరుస పెట్టారు కాబట్టి టెస్టర్‌లో లైట్లన్నీ వెలుగుతాయి. ఆ చిన్న టెస్టర్ తీగ తెగిందా లేదా, స్థానం మారిందా లేదా అని మాత్రమే చెబుతుంది. జత చీలిందని చెప్పలేదు.

పైగా జాక్ దగ్గర మెలికలను రెండంగుళాల మేర విప్పేశారు. 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదన్నది ఈ పని చేసే ప్రతివారికీ తెలియాల్సిన నియమం.

ఇంతకంటే బాధ కలిగించింది కేబుల్. మిగిలిన ముక్క ఒకటి మా దగ్గర ఉంది. తీగను బ్లేడుతో గీస్తే పైన ఎర్రటి పూత లేచి లోపల తెల్లటి లోహం కనిపించింది. నాలుగైదు సార్లు వంచేసరికి పుటుక్కున విరిగింది. అది రాగి పూత పూసిన అల్యూమినియం. క్యాట్ 6 ప్రమాణం ప్రకారం తీగ రాగిదే కావాలి కాబట్టి దీన్ని ఆ పేరుతో అమ్మడానికే వీల్లేదు. అల్యూమినియం వాహకత రాగిలో సుమారు 60 శాతమే. మా గేటు కెమెరాకు కరెంటు కూడా ఇదే కేబుల్‌లో వెళుతోంది. నిరోధం ఎక్కువైన తీగ గోడలోపల పైపులో వేడెక్కుతుంది. జాకుల తీరు పొరపాటు అనుకోవచ్చు. బిల్లులో రాగి అని రాసి ఇది వేయడం మాత్రం మోసమే.

నేను కోరేది ఇది. కేబుల్ మొత్తం తీసేసి అసలైన రాగి క్యాట్ 6 వేయండి. పైపులు వేసే ఉన్నాయి కాబట్టి పాత కేబుల్‌కు కట్టి కొత్తది లాగవచ్చు. ఎక్కడైనా గోడ కొట్టాల్సి వస్తే పూత, రంగు ఖర్చు మీదే. రంగుల గుర్తులున్న జాకులు బిగించి, చీలిన జతలను కూడా పట్టే టెస్టర్‌తో ఒక్కో లైనును పరీక్షించి నివేదిక ఇవ్వండి. అది కుదరకపోతే మొత్తం డబ్బు వాపసు చేయండి.

మా ఇంటికి వచ్చిన కుర్రాణ్ణి పనిలోంచి తీసేయమని నేను అడగడం లేదు. ఒద్దికగా, శుభ్రంగా పనిచేశాడు. తీగలకు జతలెందుకో అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. అది మీరు నేర్పించాల్సిన విషయం. ఇదే బృందం, ఇదే కేబుల్‌తో వైరింగ్ చేసిన మిగతా ఇళ్లను కూడా వెంటనే తనిఖీ చేయించండి. వేగం ఎందుకు రావడం లేదో తెలియక ఇంటర్నెట్ వాళ్లను తిట్టుకుంటున్న వాళ్లు వాటిలో తప్పకుండా ఉంటారు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. లేనిపక్షంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

బిల్లు నకలు, విప్పిన జాకుల ఫొటోలు, కేబుల్ ముక్క ఈ లేఖతో పంపుతున్నాను. మిగిలిన కేబుల్‌ను సాక్ష్యంగా నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇట్లు,
మీ వినియోగదారు