తాతగారి పద్యాల కట్ట విప్పే పద్ధతి

విజయనగరం

చిరంజీవి పెద్దమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం.

శ్రీకాకుళం హాస్టలు నుంచి నీవు పంపిన సి ప్రోగ్రామును ఫోనులో చదవడం నా కళ్లకు కుదరక, గంటస్తంభం దగ్గర ప్రింటు తీయించి, నిన్న రాత్రి పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటూ చదివాను. తాతగారి నోటుపుస్తకాలలోని పద్యాలను నేను టైపు చేసి ఒకే టార్ ఫైలుగా కట్టి పంపితే, ఆ కట్టను డిస్కు మీద విడదీయకుండా నీ ప్రోగ్రామే నేరుగా తెరిచి చదవాలన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది. తాతగారి పేరూ ఊరూ ఉన్న ముఖపత్రం చక్కగా వచ్చిందనీ, రెండవదైన ప్రార్థన పద్యాల చివర మరొక ఫైలు పేరూ కొన్ని అంకెలూ అంటుకుని వచ్చాయనీ, ఆ తరువాత అంతా పొంతన లేని రాతేననీ వ్రాశావు. నేను పంపిన ఫైలు పాడైందేమోనని కూడా అనుమానించావు. ఫైలు పాడు కాలేదు తల్లీ, నీ ప్రోగ్రాము ఒక సంఖ్యను తప్పుగా చదువుతోంది.

టార్ అనేది సమాచారం దాచే మాగ్నెటిక్ టేపుల కోసం పుట్టిన పద్ధతి. 1979లో వచ్చిన యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏడవ వెర్షన్‌తో అది అందరికీ అందింది. టేపు మీద ముందుకు సాగడమే తప్ప ఇష్టం వచ్చినచోటికి గెంతడం సులువు కాదు కాబట్టి, అందులో ప్రతి ఫైలుకూ ముందు 512 బైట్ల హెడర్, అంటే ఫైలు పేరూ పరిమాణమూ చెప్పే పట్టీ ఒకటి, దాని వెనుక ఫైలులోని విషయం, ఆ విషయం 512కు సరిగ్గా సరిపోకపోతే మిగిలిన చోటంతా సున్నాలు, ఆ వెంటనే తరువాతి ఫైలు హెడర్, ఇలా మన స్టేషనులో ఆగే గూడ్సు బండి పెట్టెల మాదిరిగా ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. ఇలా 512 బైట్ల ముక్క ఒక్కొక్కటీ ఒక బ్లాకు; వరుసగా రెండు ఖాళీ బ్లాకులు వస్తే కట్ట ముగిసినట్టు. మొత్తం కట్టకు విషయసూచిక అంటూ ఏదీ లేదు. అందువల్ల ఒక్క ఫైలు పరిమాణాన్ని తప్పుగా చదివినా, అక్కడి నుంచి చివరిదాకా అన్నీ తప్పుగానే పడతాయి.

హెడర్‌లో 124వ బైటు దగ్గర మొదలయ్యే 12 బైట్లలో ఆ పరిమాణం ఉంటుంది. అది అంకెల రాతగా ఉంటుందని నీవు సరిగ్గానే గ్రహించావు. అయితే అవి దశాంశ అంకెలు కావు, ఆక్టల్ అంకెలు, అంటే ఎనిమిదుల లెక్కవి. నీవు వాడిన ఏటూఐ ఫంక్షన్ వాటిని పదుల లెక్కలో చదువుతుంది. ప్రార్థన పద్యాల ఫైలు 1,000 బైట్లు, హెడర్‌లో అది 1750 అని ఉంటుంది. నీ ప్రోగ్రాము 1,750 బైట్లు చదివింది. అందులో మొదటి 1,000 పద్యాలు, తరువాతి 24 సున్నాలు, ఆపైన 512 మూడవ ఫైలు హెడర్, మిగిలిన 214 మూడవ ఫైలులోని మొదటి భాగం. నీకు కనిపించిన ఆ పేరూ అంకెలూ ఎక్కడివో ఇప్పుడు తెలిసింది కదా. అక్కడి నుంచి అది తరువాతి బ్లాకు హద్దుకు వెళ్లి, మూడవ ఫైలులోని పద్యం నడిమి భాగాన్ని హెడర్ అనుకుని చదవబోయింది.

మరి ముఖపత్రం ఎందుకు సరిగ్గా వచ్చిందని అడుగుతావు. నా దృష్టిలో నీవు ఎక్కువసేపు ఆలోచించవలసినది ఇదే. ఆ ఫైలు 300 బైట్లు, ఆక్టల్‌లో 454. నీ ప్రోగ్రాము 454 బైట్లు చదివి 154 సున్నాలను కూడా అచ్చువేసింది, కానీ తెర మీద అవి కనబడవు. 300 అయినా 454 అయినా ఒకే బ్లాకులో ఇముడుతాయి కాబట్టి తరువాతి హెడర్ కూడా సరైన చోటే దొరికింది. అంటే తప్పు మొదటి ఫైలు దగ్గరే జరిగింది, బయటపడింది మాత్రం రెండవదాని దగ్గర. ఏటూఐ బదులు స్ట్ర్‌టోల్ ఫంక్షన్ వాడి, ఎనిమిదుల లెక్క అని తెలిసేలా మూడవ విలువగా 8 ఇచ్చి పరిమాణాన్ని చదువు. దానికి 511 కలిపి, 512తో భాగించి, వచ్చిన పూర్ణాంకాన్ని మళ్లీ 512తో గుణిస్తే ముందుకు జరగవలసిన బైట్లు వస్తాయి.

హెడర్‌ను నమ్మే ముందు దాని చెక్‌సమ్, అంటే సరిచూసుకోవడానికి అందులో వ్రాసి ఉంచిన మొత్తం, చూడమని మరీ మరీ చెబుతున్నాను. నేను ఉద్యోగంలో ఉన్న రోజులలో ఇటువంటి ప్రోగ్రామే వ్రాసి, ఈ పరీక్ష అనవసరమనుకుని వదిలేసి, ఒక రోజంతా చెత్తను ఫైళ్లుగా భద్రపరిచాను. ఆ పని మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది. 148వ బైటు నుంచి 8 బైట్లు చెక్‌సమ్‌వి. ఆ ఎనిమిదింటినీ ఖాళీ అక్షరాలుగా, అంటే ఒక్కొక్కటి 32గా భావించి, 512 బైట్లనూ ప్లస్, మైనస్ గుర్తు లేని సంఖ్యలుగా కూడితే వచ్చే మొత్తం అక్కడ ఆక్టల్‌లో వ్రాసిన సంఖ్యతో సమానం కావాలి. ఈ పరీక్ష ఉండి ఉంటే నీ ప్రోగ్రాము ప్రార్థన పద్యాలు దాటగానే ఆగి, ఇది హెడర్ కాదని నీకు చెప్పి ఉండేది.

మన తెలుగు ఫైలు పేర్ల వల్ల మరొక చిక్కు ఉంది. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తయినా, పొల్లయినా ఒక్కొక్కటి మూడేసి బైట్లు తీసుకుంటుంది, హెడర్‌లో పేరుకు ఉన్నది 100 బైట్లే. పేరు సరిగ్గా 100 బైట్లూ నిండితే అది ముగిసిందని తెలిపే సున్నా చివర ఉండదు, అప్పుడు నీవు వ్రాసినట్టు ప్రింట్‌ఎఫ్‌లో పర్సెంట్ ఎస్‌తో అచ్చువేస్తే పక్క గడిలోకి పోతుంది. అందుకే 101 బైట్ల శ్రేణి ఒకటి పెట్టుకుని, పేరును అందులోకి ఎత్తి, చివర నీవే సున్నా ఉంచు. ఇంకా పొడవైన పేర్లను కొన్ని టార్‌లు వేరే హెడర్‌లో వ్రాస్తాయి; 156వ బైటులోని రకం గుర్తు చిన్న ఎక్స్ గానీ పెద్ద ఎల్ గానీ అయితే అది అటువంటిది, పద్యాల ఫైలు కాదు.

ఎఫ్‌ఓపెన్‌లో రీడ్‌తో పాటు బైనరీ గుర్తు పెట్టడం, ప్రతి ఎఫ్‌రీడ్ తరువాత నిజంగా 512 బైట్లు వచ్చాయో లేదో చూడడం నీకు తెలిసినవే, మరచిపోయావంతే.

పలాస నుంచి మామయ్య పంపిన జిప్ ఫైలును కూడా ఇదే ప్రోగ్రాముతో తెరవాలనుకుంటున్నావు. దాని తీరు వేరు. మన కావ్యాలలో ఆశ్వాసం ముగిశాక వచ్చే గద్యలో కవి పేరూ కావ్యం పేరూ తెలిసినట్టు, జిప్‌లో ఏయే ఫైళ్లున్నాయో, ఏది ఎక్కడ మొదలవుతుందో చెప్పే జాబితా చివరన ఉంటుంది. ఆ జాబితా చోటును తెలిపే 22 బైట్ల ముగింపు గుర్తు, దాని వెనుక 65,535 బైట్ల వరకు వ్యాఖ్య ఉండే వీలుంది కాబట్టి, ఫైలు చివరి నుంచి వెనక్కు వెతికి పట్టుకోవాలి. ఆ గుర్తు మొదట కనిపించే పీ, కే అక్షరాలు జిప్‌ను రూపొందించిన ఫిల్ కట్జ్ పొడి అక్షరాలు.

ఆ జాబితాను చదవడం, కుదించిన విషయాన్ని విప్పడం నీవు చేతితో వ్రాయవద్దు. లిబ్‌ఆర్కైవ్ లైబ్రరీ టార్‌నూ జిప్‌నూ ఒకే తీరున తెరుస్తుంది. హెడర్ అడగడం, విషయం చదవడం లేదా దాటవేయడం, ఫైలు ముగింపు వచ్చేదాకా మళ్లీ అడగడం, చివర విడుదల చేయడం, దాని నడక అంతే. అది హెచ్చరిక అని తిరిగి ఇచ్చినంత మాత్రాన ఆగవలసిన పని లేదు, ప్రాణాంతకమని ఇస్తే మాత్రం ఇక ఆ కట్టను ముట్టుకోకూడదు. మరి టార్‌ను చేతితో ఎందుకు వ్రాయమన్నానంటే, ఆ లైబ్రరీ లోపల జరుగుతున్నది నీకు కళ్లకు కట్టినట్టు తెలియాలని.

ముందు ఆ ఆక్టల్ వరుసను సరిచేసి, చెక్‌సమ్ పరీక్ష చేర్చు. మూడవ ఫైలు తెరుచుకోగానే ఫోను చేసి అమ్మకు చదివి వినిపించు. చంపావతి నది మీద తాతగారు చెప్పిన సీసపద్యం అందులోనే ఉంది.

ఇట్లు,
మీ నాన్న