ఎదుటివారిని బట్టే ఎత్తుగడ

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో పోకర్ ఆట మీద వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. నియమాలను వివరించిన తీరు బాగుంది. అయితే ఆ వ్యాసం బ్లఫ్‌ను (చేతిలో బలమైన పత్తాలు లేకపోయినా ఉన్నట్టు పందెం వేసి ఎదుటివారిని తప్పుకునేలా చేయడం) ఆటకు ప్రాణమన్నట్టు పదేపదే చెప్పింది గాని, ఎవరి ముందు బ్లఫ్ చేయవచ్చో, ఎవరి ముందు చేయకూడదో ఒక్క వాక్యంలోనైనా చెప్పలేదు. పోకర్‌లో అసలు నేర్చుకోవలసింది అదేనని నా నమ్మకం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నల్లగొండ జిల్లా పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా గణితం చెప్పి, ఉద్యోగ విరమణ తర్వాత మిర్యాలగూడలో స్థిరపడ్డాను. శనివారం సాయంత్రాలు మా వరండాలో నలుగురం కూర్చుని చింతగింజలతో పోకర్ ఆడుకుంటాం. తలా వంద గింజలతో మొదలుపెడతాం, పత్తాలు పంచకముందే తలా ఐదు గింజలు నడుమ కుప్పలో వేస్తాం, తలా రెండు పత్తాలు పంచుకున్నాక అందరికీ చెందే ఐదు పత్తాలను నడుమ ముందు మూడు, తర్వాత ఒక్కొక్కటిగా పరుస్తూ ప్రతిసారీ పందెం వేస్తాం, పందెం కట్టనివారు పత్తాలు పడేసి తప్పుకుంటారు, ఆట ముగిశాక గింజలన్నీ మళ్లీ డబ్బాలోకి పోతాయి. మాతో ఆడే మా బావ రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేసినవాడు. చేతిలో చిన్న జత పడిందంటే చాలు, చివరిదాకా వదలడు.

ఒక సాయంత్రం నా చేతికి ఇస్పేటు రాజు, ఇస్పేటు పది వచ్చాయి. నడుమ పరచిన మొదటి మూడు పత్తాలు ఇస్పేటు రాణి, ఇస్పేటు ఏడు, డైమను మూడు. ఇంకొక్క ఇస్పేటు పడితే నాకు ఫ్లష్, అంటే ఒకే గుర్తున్న ఐదు పత్తాలు, అవుతుంది. నా కంటికి కనిపించని 47 పత్తాల్లో 9 ఇస్పేట్లు మిగిలి ఉన్నాయి కనుక, రావలసిన రెండు పత్తాల్లో ఒకటైనా ఇస్పేటు అయ్యే అవకాశం దాదాపు 35 శాతం. కుప్పలో 20 గింజలున్నాయి. నేను 15 వేశాను, మిగతా ఇద్దరూ తప్పుకున్నారు, బావ మాత్రం అన్నే గింజలు వేసి కట్టాడు. నాలుగో పత్తా ఆఠీను రెండు. నేను 30 వేశాను, బావ కట్టాడు. ఐదోది డైమను ఎనిమిది. నా ఫ్లష్ పోయింది, చేతిలో ఒక్క జత కూడా లేదు, కుప్ప 110 గింజలకు చేరింది. నా దగ్గర మిగిలిన 50 గింజలనూ ముందుకు తోశాను. బావ ఒక్క క్షణం కుప్ప వైపు చూసి, "చూడకుండ ఎట్ల వదులుత బామ్మర్దీ" అంటూ 50 లెక్కపెట్టి వేశాడు. అతడి చేతిలో ఉన్నవి ఆఠీను ఏడు, కళావరు ఐదు. నడుమ ఉన్న ఏడుతో కలిసిన ఏడ్ల జతతో కుప్ప మొత్తం అతడికి పోయింది.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేసుకున్నాను. 110 గింజల కుప్ప కోసం 50 గింజలతో చేసే బ్లఫ్ నష్టం లేకుండా ఉండాలంటే, ఎదుటివాడు వందకు 31 సార్లకు మించి పత్తాలు పడేయాలి. మా బావ వందకు ఐదుసార్లు కూడా పడేయడు. ఇంకొక సంగతి కూడా ఆ కాగితం మీదే తేలింది. అతడు 50 గింజలు పెట్టి 160 గింజల కోసం ఆడాడు కనుక నాలుగింట ఒక్కసారి గెలిచినా అతడికి సరిపోతుంది. నాలాగా తరచుగా బ్లఫ్ చేసేవాడి ముందు అతడు కట్టడం తెలివితక్కువ పని కానే కాదు. ఏడ్ల జత ఉత్తదని నేను అనుకున్నాను గాని, నా అలవాటును బట్టి చూస్తే అది చాలినంత బలమైనదే.

అప్పటి నుంచి బావ ముందు బ్లఫ్ పూర్తిగా మానేశాను. మంచి జత పడితే మాత్రం దాచుకోకుండా మూడుసార్లూ గట్టిగా వేస్తాను, ఎందుకంటే అతడు మూడుసార్లూ కడతాడు. ఈ ఒక్క మార్పుతో నా ఆట మెరుగుపడినంతగా ఎన్నేళ్ల సాధనతోనూ మెరుగుపడలేదు.

మా పొరుగింటి పెద్దమనిషి ఇందుకు పూర్తిగా వేరు. గంటసేపు పడేస్తూ కూర్చుంటారు, ఎప్పుడో ఒకసారి పందెం పెంచుతారు. ఆయన పెంచారంటే మధ్యరకం జతలున్నవాళ్లు తప్పుకోవడమే మేలు. ఆయన మౌనంగా ఉన్న ఆటల్లో చిన్న పందెంతోనే కుప్ప మన వైపు వచ్చేస్తుంది. బ్లఫ్‌కు ఇలాంటివారే తగినవారు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మొదట పంచిన రెండు పత్తాలు జతగా రావడం 17 ఆటలకు ఒకసారి జరిగేది, రెండూ ఆసులు కావడం 221 ఆటలకు ఒకసారి. ఆ లెక్కన వరుసగా పది ఆటల్లో ఒక్క జతా రాకపోవడానికే సగానికి మించిన అవకాశం ఉంది. పది ఆటలు ఊరకే కూర్చున్నవారిని పిరికి ఆటగాడని తేల్చేస్తే, ఆయనకు పత్తాలు రాకపోవడాన్ని ఆయన స్వభావంగా పొరబడ్డట్టే. మీ వ్యాసం ముఖకవళికలకు, చేతివేళ్ల వణుకుకు సగం పేజీ కేటాయించింది. నా అనుభవంలో వాటికన్నా ఎవరు ఎప్పుడు ఎంత వేశారు, చివరికి ఏ పత్తాలు చూపించారు అన్నదే నమ్మదగిన సాక్ష్యం.

పాలమూరు నుంచి సెలవులకు వచ్చే మా మేనల్లుడు ప్రతి ఆటలోనూ పెంచుతాడు. వాడి ముందు పెంచడంలో పోటీపడటం కన్నా, ఓ మోస్తరు మంచి పత్తాలతో నెమ్మదిగా కడుతూ పోయి, వాడి బ్లఫ్‌లను వాడినే చేయనివ్వడం మంచిది. వాడి తర్వాత మన వంతు వచ్చే చోట కూర్చోగలిగితే ఇంకా మేలు. అయితే దసరాకు వచ్చినప్పుడు నేను కేవలం కడుతూ పోతున్నానని వాడు రెండు గంటల్లోనే పసిగట్టి, బ్లఫ్‌లు మానేసి, మంచి పత్తాలకు మాత్రమే పెంచడం మొదలుపెట్టాడు. నేను పాత లెక్కలోనే ఉండి నలభై గింజలు పోగొట్టుకున్నాను. ఎదుటివారి బలహీనత మీద ఆడినప్పుడల్లా మన ఆటలోనూ ఒక సందు తెరుచుకుంటుంది, చురుకైనవాడు దాన్ని చూడనే చూస్తాడు.

2019లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ పరిశోధకులు కలిసి తయారుచేసిన ప్లూరిబస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఆరుగురి పోకర్‌లో వృత్తి ఆటగాళ్లను గెలిచింది. ఆడుతూ ఎదుటివారి అలవాట్లకు తగినట్టు ఎత్తు మార్చుకోవడం దాని పద్ధతి కాదు. ఎవరికీ సులువుగా సందు దొరకని సమతూకంతో ఆడటమే దాని బలం. కొత్తవారి ముందు మనమూ అలాంటి సమతూకంతో మొదలుపెట్టి, సాక్ష్యం దొరికేకొద్దీ ఒక వైపు మొగ్గడం సరైన దారి అని నా అభిప్రాయం.

డబ్బు ప్రస్తావన లేకుండా ఈ ఉత్తరం ముగించలేను. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా, మూడు ముక్కలాటను కేవలం అదృష్టపు ఆటగా వేరుచేసి చెప్పింది. ఆన్‌లైన్‌లో డబ్బుతో ఆడే ఆటల విషయంలో 2025 నాటి కేంద్ర చట్టం ఆ తేడాను పట్టించుకోకుండా అన్నింటినీ నిషేధించింది. దీన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. నా దగ్గర పదో తరగతి చదివిన ఒక కుర్రాడు ఫోన్‌లో ఆడి తండ్రి పత్తి అమ్మిన డబ్బంతా పోగొట్టాడు. తెర వెనుక ఉన్నది మనిషో యంత్రమో, ఒకరో నలుగురు కూడబలుక్కున్నవారో తెలియని చోట ఎదుటివారిని చదవడమనే విద్యకు తావే లేదు. ఆ విద్య ఎదురుగా కూర్చున్న నలుగురి మధ్య, గింజలతోనే పండుతుంది.

చదరంగం సమస్యలకు మీరు స్థలం ఇస్తున్నట్టే వారానికొక పోకర్ సమస్యకు కూడా కొద్దిపాటి చోటు కేటాయించవలసిందిగా కోరుతున్నాను. పత్తాలతో పాటు ఎదుటివారు అంతకుముందు ఎలా ఆడారో కూడా అందులో చెప్పాలి, జవాబు మరుసటి వారం ఇవ్వాలి. మా వరండా ఆటలను రెండేళ్లుగా ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను. మీరు కోరితే బావతో ఓడిన ఆటతోనే మొదలుపెట్టి పంపగలను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా.