సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక: కాండానికి కేటాయించిన ఏడాది

గౌరవ అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు, పనులు మానుకుని ఈరోజు ఇక్కడికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. గత సర్వసభ్య సమావేశం నుంచి నేటి వరకు మన మొక్కల పరిశీలన సంఘం చేసిన పనులను నియమావళి ప్రకారం మీ ముందు పెడుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, వాటి జోలికి పోవడం లేదు.

ఏటా ఒక అంశం తీసుకుని దాని చుట్టూ కార్యక్రమాలు నడపడం మన ఆనవాయితీ. ఆకులు అయ్యాయి, పూలు అయ్యాయి, విత్తనాలు అయ్యాయి. ఈసారి కాండం అనగానే కార్యవర్గంలోనే పెదవి విరుపులు కనిపించాయి. "కర్రలో చూడ్డానికేముందండీ" అన్నవారున్నారు. అన్నవారే తర్వాత భూతద్దం పట్టుకుని అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నారు కాబట్టి పేర్లు రాయడం లేదు.

ముందుగా కృతజ్ఞతలు. నెలవారీ సమావేశాలకు గది ఇచ్చిన గ్రంథాలయ నిర్వాహకులకు, వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసి ఏడాది పొడవునా మాకు పాఠం చెప్పిన ఉపాధ్యక్షురాలికి, పలుచని అడ్డుకోతలు కోయడంలో చెయ్యి తిరిగిన మా యువ సభ్యురాలికి, బొమ్మలు గీసిన సభ్యుడికి, బల్లలు మోసినవారికి, వాటిని తిరిగి చేర్చిన ఇంకా తక్కువమందికి సంఘం తరఫున ధన్యవాదాలు. కుర్చీలు సర్దకుండా వెళ్లిపోయినవారికి కూడా నమస్కారాలు.

మొదటి సమావేశాలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. ఒక భాగాన్ని కాండం అని దేన్ని చూసి చెప్పాలి? నేలపైన ఉందనో, నిలువుగా ఉందనో, గట్టిగా ఉందనో చెబితే చెల్లదు. కణుపులు ఉండాలి. కణుపు దగ్గర ఆకు, కనీసం అది రాలిపోయిన మచ్చ, ఉండాలి. ఆ ఆకు మొదట్లో, గ్రీవంలో, మొగ్గ ఉండాలి. ఈ కొలతతో బంగాళదుంపనూ చిలగడదుంపనూ పక్కపక్కన పెట్టి చూశాం. బంగాళదుంప మీద కళ్లు అడ్డదిడ్డంగా ఉండవు. ఒక చివర నుంచి మెలిక తిరుగుతూ సాగి, కొన దగ్గర దట్టమవుతాయి. ప్రతి కంటి అంచున కనుబొమలాంటి సన్నని గీత ఉంటుంది. అది పొలుసాకు ఉండిన చోటు. కన్ను అంటే గ్రీవపు మొగ్గే. అంటే అది మట్టిలో లావెక్కిన కొమ్మ. చిలగడదుంపకు ఆ వరస లేదు, పొలుసాకు గుర్తూ లేదు. అది వేరు. అల్లం, పసుపు కొమ్ములకు కణుపులు బయటికే కనబడతాయి. కంద, చేమ దుంపలూ కాండాలే. ఉల్లిగడ్డను నిలువునా కోస్తే అడుగున కనిపించే చిన్న బిళ్ల మాత్రమే కాండం, పైన ఉన్న పొరలన్నీ ఆకులు. అరటి విషయంలో వాదన కాస్త వేడెక్కింది. మనం బోదె అనేది ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకు తొడుగుల కట్ట. అసలు కాండం భూమిలో ఉండి, పూత వేళకు మధ్యలోంచి పైకి వస్తుంది. ఒప్పుకోని సభ్యులు ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ ఉన్నారు. బోదెను అడ్డంగా కోసి పొరలు ఒక్కొక్కటిగా ఊడదీసి చూడమని వారికి నా మనవి.

ముళ్ల మీద కూడా ఒక సాయంత్రం గడిచింది. నిమ్మ ముల్లు, కాగితంపూల తీగ ముల్లు ఆకు గ్రీవంలోంచి పుట్టిన కొమ్మలే. లోపల నాళాలు ఉంటాయి, విరిస్తే చీలుకుంటూ వస్తాయి. గులాబీ ముల్లును పక్కకు నెడితే శుభ్రంగా ఊడి వస్తుంది, ఎందుకంటే అది పైపొర నుంచి వచ్చిన పెరుగుదల మాత్రమే. నాగజెముడు పచ్చని పలకలు కాండాలు, వాటి మీది ముళ్లు ఆకుల రూపాంతరం. నాకు బాగా నచ్చింది సరుగుడు. పచ్చని సూదులన్నీ ఆకులనుకుంటాం. ఒక సూదిని రెండు చేతులా పట్టుకుని మెల్లగా లాగితే అతుకు దగ్గర విడిపోతుంది. ఆ అతుకు చుట్టూ భూతద్దంలో ఆరు నుంచి ఎనిమిది వరకు చిన్న పళ్లు కిరీటంలా కనిపిస్తాయి. ఆకులు అవే. మిగతా సూది అంతా కాండం, ఆకు చేయాల్సిన పని అదే చేస్తుంది. ఈ ఒక్క పరిశీలన కోసం వచ్చిన సభ్యులు మళ్లీ సమావేశానికి కనిపించకపోవడం నాకు అర్థం కాని విషయం.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది కాండాల ప్రదర్శన. సంఘం చరిత్రలో ఇంత జనం వచ్చిన కార్యక్రమం ఇంకొకటి నాకు గుర్తులేదు. ద్వారం దగ్గరే గాజు గ్లాసుల్లో ఎర్ర సిరా నీళ్లు పోసి, వేళ్లు కడిగిన బాల్సమ్ మొక్కలను నిలిపాం. దాని కాండం నీటి రంగులో, వెలుతురు దాటేంత పలుచగా ఉంటుంది. చూస్తుండగానే సన్నని ఎర్ర గీతలు పైకి పాకాయి, ఆకుల ఈనెలు ఎర్రబడ్డాయి. తర్వాత కాండాన్ని అడ్డంగా కోసి చూపించాం. ఎర్ర చుక్కలు అంచుకు దగ్గరగా ఒక వలయంలో ఉన్నాయి. పక్క గ్లాసులోని మొక్కజొన్న కాండాన్ని కోస్తే చుక్కలు లోపలంతా చెల్లాచెదురుగా ఉన్నాయి. బాల్సమ్ లాంటి ద్విదళబీజానికీ మొక్కజొన్న లాంటి ఏకదళబీజానికీ తేడాను పుస్తకంలో బట్టీపట్టిన పిల్లలు అది కళ్లతో చూసి పెట్టిన కేకలు హాలు బయటికి వినిపించాయట.

ఒక పిల్లవాడు "పైన ఎవరు లాగుతున్నారు?" అని అడిగాడు. సరైన ప్రశ్న. గుండె లాంటి పంపు మొక్కలో లేదు. ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే, నీటిని మోసే కణజాలమైన దారువులోని నీటి అణువులు ఒకదాన్నొకటి వదలకుండా పట్టుకుని ఉండటం వల్ల కింది నీరు పైకి లాగబడుతుంది. డిక్సన్, జోలీ అనే ఇద్దరు 1894లో ప్రతిపాదించిన ఈ వివరణే నేటికీ నిలిచి ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో 115 మీటర్లు దాటిన రెడ్‌వుడ్ చెట్టుకు కూడా నీరు చిటారు కొమ్మకు చేరేది ఇలాగే.

ప్రదర్శనలో రెండో ఆకర్షణ టేకు మొద్దు. గాలివానకు కూలిన చెట్టు నుంచి అడ్డంగా కోయించి, గరుకు కాగితంతో నునుపు చేయించాం. రుతువుల తేడా అంతగా లేనిచోట చాలా చెట్లలో వలయాలు స్పష్టంగా ఉండవు. టేకులో మాత్రం ఉంటాయి. పెరుగుదల మొదలయ్యే వేళ ఏర్పడిన పెద్ద రంధ్రాలు ప్రతి వలయం మొదట్లో వరస కట్టి కనిపిస్తాయి, తర్వాతి కలప చిన్న రంధ్రాలతో చిక్కగా ఉంటుంది. నడుమ ముదురు రంగు చేవ, దాని చుట్టూ లేతరంగు కలప. నీరు ఎక్కేది లేతరంగు భాగంలోనే. చేవలో నాళాలు పూడుకుపోయి ఉంటాయి, బలం మాత్రం ఉంటుంది. నడుమ తొర్ర పడ్డ చెట్టు పచ్చగా బతకడంలో వింత లేదన్నది దీన్ని చూశాక చాలామందికి అర్థమైంది. ఈ లావంతా తెచ్చేది బెరడుకూ కలపకూ మధ్యనున్న కాంబియం అనే పలుచని పొర. అది లోపలి వైపు దారువును, బయటి వైపు ఆహారాన్ని మోసే పోషక కణజాలాన్ని చేస్తుంది, లోపలికి చేసేది చాలా ఎక్కువ. తాటి, కొబ్బరి చెట్లకు ఇలాంటి కాంబియం వలయం లేదు. అందుకే వాటి మొద్దులో వలయాలు వెతికి లాభం లేదు. బెరడు బల్ల దగ్గర ఒక బెండు బిరడాను కూడా ఉంచాం. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శిని కింద చూసి 'సెల్' అని పేరు పెట్టిన గదులు ఇలాంటి బెండులోవే. అది ఒక రకం ఓక్ చెట్టు కాండం మీది బెరడు.

క్విజ్‌లో అందరినీ పడగొట్టిన ప్రశ్న ఒకటుంది. చెట్టుకు ఛాతీ ఎత్తున కొట్టిన మేకు ఇరవై ఏళ్ల తర్వాత ఎంత ఎత్తులో ఉంటుంది? తల ఎత్తి పైకి చూపించినవారే ఎక్కువ. మేకు అక్కడే ఉంటుంది. చెట్టు పొడవు పెరిగేది కొనల దగ్గరే, మాను లావు మాత్రమే పెరుగుతుంది. కాకపోతే మేకును అది మింగేస్తుంది. వెదురు సంగతి వేరు. కణుపుల దగ్గర కూడా పెరిగే కణజాలం ఉండటంతో అన్ని కణుపులూ కలిసి సాగుతాయి. ఒక్క రోజులో 91 సెంటీమీటర్ల వరకు పెరిగిన రకాలు నమోదయ్యాయి. లావు మాత్రం నేలలోంచి వచ్చినప్పుడు ఎంతో తర్వాతా అంతే.

కొమ్మల కత్తిరింపు శిక్షణ ఒక్కపూటలో ముగిసింది. కొన మొగ్గ ఉన్నంతకాలం పక్క మొగ్గలు ఎందుకు అణగి ఉంటాయో, కొన తుంచితే ఎందుకు విచ్చుకుంటాయో చూపించాం. తుంచిన చోట ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోను పూస్తే పక్క మొగ్గలు మళ్లీ అణగుతాయని థీమన్, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు 1930ల్లోనే తేల్చారు. ఆక్సిన్ ఒక్కటే కారణం కాదని, తుంచగానే పక్క మొగ్గలకు చేరే చక్కెరే ముందుగా పని మొదలుపెడుతుందని 2014లో బఠాణీ మొక్కలపై జరిగిన పరిశోధన చెప్పింది. ఆ చర్చ పూర్తి కాకుండానే గది ఖాళీ చేయవలసి వచ్చింది.

ఇప్పుడు చెప్పక తప్పని విషయం. పార్కులో చెట్లకు పేరు పలకలు కట్టిన ఇనుప తీగలను తొలగించే పని. ఎప్పుడో కట్టి వదిలేసినవి, మాను లావెక్కేకొద్దీ బిగుసుకుని బెరడులోకి దిగాయి. తీగకు పైన ఉబ్బు, కింద సన్నం. ఆకుల్లో తయారైన చక్కెర బెరడు లోపలి పోషక కణజాలం గుండా వేళ్లకు దిగాలి. దారి మూసుకుపోతే పైనే ఆగి ఉబ్బుతుంది. బెరడును వలయంగా ఒలిచి ఈ ఉబ్బును గమనించిన ఇటలీ శాస్త్రవేత్త మాల్పీగి పదిహేడో శతాబ్దపువాడు. మూడు శతాబ్దాలు దాటినా పలకలు కట్టేవారికి ఆ కబురు అందలేదు. నీరు పైకి వెళుతూనే ఉంటుంది కాబట్టి చెట్టు వెంటనే ఎండదు. వేళ్లు ఆకలికి తాళలేక చనిపోయాక ఎండుతుంది. అప్పుడు తీగ సంగతి ఎవరికీ గుర్తుండదు.

అనుమతి కోసం సంబంధిత కార్యాలయానికి రాశాం. అది వేరే విభాగం పని అన్నారు. ఆ విభాగానికి రాస్తే మొదటివారి నుంచి లేఖ తెమ్మన్నారు. ఒక అధికారి "చెట్లు బాగానే ఉన్నాయి కదా" అన్నారు. ఎట్టకేలకు అనుమతి వచ్చాక, పని రోజుకు పేర్లు ఇచ్చిన సభ్యుల్లో సగానికి సగం రాలేదు. వచ్చినవారిలో ఎక్కువమంది మోకాళ్ల నొప్పులున్న పెద్దలు. ఫోటో తీసే వేళకు మాత్రం జనం సరిపోయారు. పైకి కనిపించే తీగలను కత్తిరించి తీశాం. బెరడు పూర్తిగా మింగినచోట లాగితే గాయం పెద్దదవుతుంది కాబట్టి రెండు పక్కలా తెంపి లోపలి ముక్కను వదిలేశాం. ఇంకా కొన్ని చెట్లు మిగిలే ఉన్నాయి. వాటి జాబితా నా దగ్గర ఉంది, తీగ కత్తెర కూడా నా దగ్గరే ఉంది.

జమాఖర్చులు కోశాధికారి గారు తయారు చేయగా తనిఖీ అయ్యాయి. ప్రతులు బల్ల మీద ఉన్నాయి, చూసుకోగలరు. ప్రదర్శన వల్ల ఖర్చు కాస్త పెరిగింది, విరాళాలతో సరిపోయింది. సభ్యత్వ రుసుము బాకీలు యథాప్రకారం ఉన్నాయి. సంఘం సూక్ష్మదర్శిని తీసుకెళ్లిన సభ్యులు దాన్ని వచ్చే సమావేశానికల్లా తెచ్చి ఇవ్వాలి. పేరు అడగవద్దు, వారికి తెలుసు.

వచ్చే ఏడాదికి వేళ్లను అంశంగా తీసుకోవాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. దాంతోపాటు మిగిలిన తీగల పని వానాకాలానికి ముందే పూర్తి చేయాలని, పేర్లు ఇచ్చి రానివారి స్థానంలో ప్రత్యామ్నాయ జాబితా ముందే సిద్ధం చేయాలని మరో ప్రతిపాదన. రెండింటినీ చర్చించి తీర్మానం చేయవలసిందిగా, ఈ నివేదికను ఆమోదించవలసిందిగా కోరుతున్నాను. తీగల పనికి పేర్లు ఇవ్వదలచినవారు సమావేశం ముగిశాక బయటికి వెళ్లేలోపు నా దగ్గరున్న పుస్తకంలో సంతకం చేయాలి. ఈసారి ఫోన్‌లో ఇచ్చిన మాట లెక్కలోకి రాదు.

ఇట్లు,
కార్యదర్శి